కొలువెక్కిన సైన్యం

చిత్తూరు బెల్లం మండీ వరదయ్యకు రెండు గొప్పలు ఉండేవి. ఒకటి ఆయన మీసం, రెండోది ఆయన చేసిన యుద్ధం. మీసం సంగతి చూసిన వాళ్లందరూ ఒప్పుకునేవాళ్లు. యుద్ధం సంగతి మాత్రం ఆయన నోట వినాల్సిందే. మొదటి జర్మనీ యుద్ధంలో బస్రాకు పోయిన మాట నిజం. పోయి, రెండేళ్లు కంబళ్ల గిడ్డంగిలో కంబళ్లు మడతపెట్టించి తిరిగొచ్చాడు. తుపాకీ మోత వినలేదా అంటే విన్నాడు. గిడ్డంగిలో దూరిన నక్కను కాపలావాడు కాల్చినప్పుడు విన్నాడు. ఆ ఒక్క మోత చాలు, "మేం బస్రాలో ఉన్నప్పుడు" అని ఆయన మొదలుపెడితే మండీలో తూకాలు ఆగిపోయేవి.

రెండో యుద్ధం వచ్చేసరికి మండీని కొడుకు చూసుకుంటున్నాడు. వరదయ్యకు చేతినిండా తీరిక, నోటినిండా వ్యూహాలు. పక్కింటి మునిరామయ్యకూ అంతే. ఆయనది బట్టల కొట్టు. నగరికి పోయి చీరలు తేవడం తప్ప వేరే దండయాత్ర ఎరగని మనిషి. కానీ పేపరు చదివితే మాత్రం సేనాధిపతులకు సలహాలు చెప్పకుండా ఉండలేడు. మధ్యాహ్నం రైల్లో పేపరు వచ్చేది, సాయంత్రానికి ఇద్దరికీ గొంతులు పోయేవి. మాటలతో తేలేది కాదని, పందొమ్మిది వందల నలభై మూడు ఎండాకాలంలో వరదయ్య పెరటి వసారాలో ఒక యుద్ధభూమి తయారు చేశాడు. రెండు బెల్లం తట్టల మీద పాత తలుపు రెక్క పరిచి, నీవా నది ఇసుక పోసి, గుట్టలు పెట్టి, వాగు గీసి, దాని మీద చెక్క దువ్వెన వంతెనగా వేశాడు. అగ్గిపెట్టెలు టాంకులు, చింతపిక్కలు సిపాయిలు. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లు ఒక జానెడు ముందుకు జరపాలి. తుపాకీ కాల్చాలంటే ఒకవైపు అరగదీసిన పిక్కలు నాలుగు విసరాలి, తెల్లగా పడినన్ని తలలు ఎగిరిపోతాయి. జాన విషయంలో మొదట్లో కొంచెం గొడవైంది. మునిరామయ్య కొట్లో బట్ట కొలిచేటప్పుడు ముడుచుకునే చెయ్యి ఇక్కడ బారెడు సాగుతుందని వరదయ్య గట్టిగా అన్నాడు. అది ఊళ్లో ఆడవాళ్లందరికీ తెలిసిన విషయమే కాబట్టి మునిరామయ్య కూడా గట్టిగా కాదనలేదు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఒకరోజు మునిరామయ్య రేకు పెట్టె ఒకటి చంకన పెట్టుకుని వచ్చాడు. మద్రాసు మీద బాంబులు పడతాయని భయపడి ముందటి ఏడు చిత్తూరికి వచ్చి తలదాచుకున్న ఒక దొర కుటుంబం, తిరిగి పోతూ పోతూ ఆయనకు ఇచ్చిపోయిన పెట్టె అది. మూత తీస్తే సీసపు సిపాయిలు. ఎర్రకోట్లు, తుపాకులు, గుర్రమెక్కిన జనరల్ ఒకడు, కత్తి దూసి.

"ఏమప్పా వరదయ్యా, ఇంత సక్కటి సిపాయిలు నీ చింతపిక్కల మీదికి పోవల్లనా? సూసినోళ్లు యుద్ధమనుకుంటారా, చారుకు తాలింపు పెడతాండారనుకుంటారా?" అన్నాడు మునిరామయ్య.

వరదయ్యకు ఒళ్లు మండింది. మీసం మీద చెయ్యి పోయింది. ఆ చెయ్యి మీసం మీదికి పోయిందంటే తర్వాత వచ్చే మాట మీద ఆయనకు అధికారం ఉండదు.

"సిపాయిలు నాకూ వస్తారు, నాలుగు దినాలు ఓర్చుకో. విజయదశమి నాడు రాత్రి భోజనాల యాళకు నా జనరల్ నిలబడి, వంతెన నా చేతిలో ఉండకపోతే ఈ మీసం గొరిగిస్తా. గెలిస్తే నీ పెట్టె నాది."

"సరే" అన్నాడు మునిరామయ్య, ఆలోచించకుండా. తర్వాత ఆలోచించి, జనరల్ పడిపోతే ఏం చేయాలని అడిగాడు.

వరదయ్య ఆ సీసపు గుర్రం కేసి చూశాడు. దాని ముందుకాలు ఒకటి వంగిపోయి ఉంది. ఊపిరి గట్టిగా వదిలితే పక్కకు ఒరిగేటట్టుంది. ఆయన కళ్లు మెరిశాయి. "ఎట్ల పడినా పడినట్టే. గాలికి పడనీ, పిల్లి తొయ్యనీ. జనరల్ ఒళ్లు నేలకు ఆనిందంటే యుద్ధం పోయినట్టే. బస్రాలో ఇదే పద్ధతి" అన్నాడు. బస్రాలో అలాంటి పద్ధతి ఏదీ లేదు. మునిరామయ్య మరుసటి రోజే గుర్రం కాలికి దబ్బనం ముక్క కట్టుకుని వచ్చాడు. పద్ధతి మాత్రం ఉండిపోయింది.

ఇక సిపాయిలు ఎక్కడ? అంగళ్లలో దొరకవు. యుద్ధకాలంలో కిరసనాయిలే దొరకడం లేదు, సీసపు బొమ్మలు ఎవడిస్తాడు? వరదయ్య ఇల్లంతా కలయజూశాడు. చూపు పోయి పోయి అటక మీద ఆగింది. అక్కడ భార్య భారతమ్మ కొలువు బొమ్మల పెట్టె ఉంది. ఏడాదికి ఒక్కసారి దసరాకు దిగి, తొమ్మిది రోజులు మెట్ల మీద కూర్చుని, మళ్లీ గడ్డిలో పడుకునే బొమ్మలు. మిగతా రోజులు ఊరికే పడుండేవే కదా అనుకున్నాడాయన. ఈ 'ఊరికే పడుండేవే కదా' అనే మాట ఎన్ని కొంపలు ముంచిందో లెక్కలేదు.

న్యాయంగా చెప్పుకోవాలంటే, దేవుళ్ల జోలికి ఆయన రంపం తీసుకుపోలేదు. ఒక్కొక్క అవతారానికీ లెంపలు వేసుకుని, దండం పెట్టి, తేనెమైనంతో అతికించిందే తప్ప కోసింది లేదు. కూర్మావతారం వీపు మీద అగ్గిపెట్టె పెట్టి, గొడుగు కమ్మి ముక్క గుచ్చితే అసలు సిసలు టాంకు అయి కూర్చుంది. మత్స్యావతారం జలాంతర్గామి, దానికి చేయాల్సిన పని కూడా ఏమీ లేకపోయింది. వామనుడికి గొడుగు ఎటూ ఉంది కాబట్టి, పట్టు దారాలు నాలుగు కట్టి గుట్ట మీద దించితే ఆకాశం నుంచి దూకిన సిపాయి. పప్పులు బియ్యం ముందు పోసుకుని కూర్చున్న చెట్టియారును, ఆయన భార్యను రేకు డబ్బాలో కూర్చోబెట్టి సరుకుల లారీ చేశాడు. తల ఊపే తంజావూరు బొమ్మను వంతెన దగ్గర కాపలా పెట్టాడు. ఎవరు వచ్చినా వద్దు వద్దని తల ఊపుతుంది, అంతకంటే మంచి కాపలా ఏ సైన్యంలో ఉంది? అన్నిటికీ కాకీ రంగు కావాలి కదా. ఇంట్లో ఉన్నదే బెల్లం. బెల్లం పాకంలో మసి కలిపి పూశాడు. రంగు దివ్యంగా వచ్చింది. తెల్లారేసరికి చీమలు కూడా దివ్యంగా వచ్చాయి. ఎర్రచీమలు కూర్మావతారాన్ని మూడు వైపులా ముట్టడించాయి. మునిరామయ్య అవి తన తరఫున వచ్చిన సైన్యమని వాదించాడు. పసుపునీళ్లతో కడగడానికి ఒక పూట పట్టింది.

అంతా కుదిరింది కానీ జనరల్ కుదరలేదు. మట్టి బొమ్మలు గుర్రం ముందు నిలబడేటట్టు లేవు. అప్పుడు పెట్టె అడుగున, పాత పట్టుగుడ్డలో చుట్టిన మరపాచి జంట కనబడింది. తిరుపతి ఎర్రచందనంతో చెక్కిన రాజు, రాణి. జానెడు ఎత్తు, నిటారుగా, గట్టిగా. రాజు తల మీద కిరీటం ఉంది. ఏ జనరల్ కిరీటం పెట్టుకుని యుద్ధానికి పోతాడు? 'వీడు దేవుడు కాడు కదా' అని వరదయ్య మనసుకు సర్ది చెప్పుకున్నాడు. రంపం తీశాడు. కిరీటం కోసి, ఆకురాయితో తల నున్నగా తీసి, సగం పోకకాయ డొప్ప టోపీలాగా బోర్లించాడు. కోసిన ముక్క మైనం కరిగే కుంపట్లో వేశాడు. మంట బాగా వచ్చింది. రాణిని గుడ్డలో చుట్టి మళ్లీ పెట్టెలో పెట్టేశాడు. యుద్ధానికి ఆడవాళ్లెందుకని.

ఆ తర్వాత రెండు నెలలు వరదయ్య సైన్యం గెలుస్తూనే ఉంది. మహాలయ అమావాస్య నాటికి వంతెన ఆయన చేతిలో ఉంది. విజయదశమి గుర్తుంది కానీ, దానికి ముందు కొలువు పెట్టే రోజు వస్తుందని మాత్రం ఆయనకు తట్టలేదు. యుద్ధం చేసేవాళ్లకు పంచాంగం చూసే తీరిక ఉండదు.

"రేపే పాడ్యమి. అటక మీద పెట్టె దించియ్యి" అంది భారతమ్మ, పొయ్యి దగ్గర నుంచి.

వరదయ్య నడుము పట్టుకున్నాడు. "నడుము పట్టేసినాదే. సాయంత్రం సూస్తాం."

భారతమ్మ ఆయన నడుము కోసం ఆగే మనిషి కాదు. ఇంట్లో పని చేసే గురవమ్మను అటకెక్కించింది. గురవమ్మ పెట్టెను ఒక్క చేత్తో దించి, "ఏందమ్మా, పోయినేడు ఇద్దరం మోస్తిమి. ఇప్పుడు దూది మూటగా ఉండాది" అంది. మూత తీశారు. గడ్డి ఉంది. గడ్డి మధ్యలో రాణి ఒక్కతే ఉంది.

భారతమ్మ రాణిని చేతిలో పట్టుకుని వసారాలోకి వచ్చింది. తలుపు రెక్క వైపు ఆ మూల నుంచి ఈ మూల దాకా చూసింది. కూర్మావతారం వీపు మీద ఫిరంగిని చూసింది. లారీలో చెట్టియారమ్మను చూసింది. అరవలేదు. అరిచి ఉంటే వరదయ్యకు కొంచెం ధైర్యం వచ్చేది.

"రాజు యాడ?"

వరదయ్య పోకడొప్ప టోపీవాణ్ణి చూపించాడు. ఆమె వాణ్ణి తీసి, టోపీ తొలగించి, నున్నటి తల మీద బొటనవేలు రాసింది. ఒకసారి, ఇంకోసారి. అక్కడ ఉండాల్సిందేదో వెతుకుతున్నట్టు.

"నా పెండ్లికి మాయమ్మ కొనిచ్చినాది ఈ జంటను. అత్తింటికి ఒక్కదానివే పోతాండావని ఏడవొద్దు, వీళ్లిద్దరూ నీ ఎంబడి వస్తారని చెప్పి పంపినాది" అంది. తర్వాత అడిగింది, "కిరీటం ఏం చేసినారు?"

వరదయ్య చెవిన ఆ 'చేసినారు' ఒక్కటే పడింది. ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో భారతమ్మ ఆయన్ను 'నువ్వు' అనే పిలిచింది. 'మీరు' అన్నది రెండే రెండు సార్లు. రెండు సార్లూ ఆయన పాకాలలో అక్క ఇంటికి పోయి వారం రోజులు ఉండి రావలసి వచ్చింది.

"కుంపట్లో ఏసినా" అన్నాడు, తల వంచుకుని. ఆ రోజు వచ్చిన మంట గుర్తొచ్చి ఆయనకు తన మీద తనకే అసహ్యం వేసింది.

కొలువు ఒక ఏడు మానితే ఇంటికి అరిష్టం. పేరంటానికి వీధంతా చెప్పి ఉంది. మైనం పీకేస్తానని వరదయ్య ముందుకు వస్తే భారతమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "ఏమీ పీకొద్దు. ఎట్లుండారో అట్లనే మెట్లెక్కల్ల. మీరు చేసిన పని నలుగురూ సూడనీ" అంది. మునిరామయ్య భార్య దేవకమ్మను అడిగి సీసపు సిపాయిలను కూడా రప్పించింది. బొమ్మలు చాలవు కదా మరి.

అలా తొమ్మిది మెట్ల మీద యుద్ధం కొలువు తీరింది. పై మెట్టు మీద కలశం పక్కన జనరల్, ఆయన పక్కన రాణి. నడిమి మెట్ల మీద టాంకు, లారీ, వంతెన. అడుగు మెట్టు మీద మునిరామయ్య ఎర్రకోట్లు, దబ్బనం కాలి గుర్రం.

మగవాళ్లిద్దరూ వీధి అరుగు మీద కూర్చుని దీన్ని గురించి చర్చించారు. యుద్ధం ఆగినట్టా, లేనట్టా? చోటు మారినా సైన్యాలు అవే కాబట్టి ఆగలేదని మునిరామయ్య వాదన. దబ్బనం మీద ఆయనకు నమ్మకం. వరదయ్య వెంటనే ఒప్పుకున్నాడు. ఎందుకంటే ఆయనకు కొలువు ఆచారం ఒక్కటి బాగా తెలుసు. కొలువు తీరిన బొమ్మను విజయదశమి హారతి దాకా ఎవరూ కదపకూడదు. అంటే వంతెన తనది, జనరల్ నిలబడే ఉంటాడు, వేలు పెట్టే మగాడు లేడు. భార్య కోపమే తనకు కోటగోడ అయింది. హారతి అయ్యాక ఏం చేస్తారన్నది మాత్రం ఆయనకు తెలియదు. ఏటా విజయదశమి సాయంత్రం మండీలో ఉండేవాడు, పేరంటాల్లో ఆయనకేం పని?

ఈ ఏడు మాత్రం రోజూ సాయంత్రం కొలువు దగ్గరే ఉన్నాడు. పేరంటాళ్లు గుగ్గిళ్లు తింటూ నోళ్లు తెరిచి చూస్తుంటే ఆయనకు ఊరుకోబుద్ధి కాలేదు.

"తాబేలు సామికి ఆ గొట్టమేందప్పా?" అని అడిగింది ఒక ముసలమ్మ.

"ఫిరంగి అవ్వా."

"పాపం. కొండను మోసినాడు సాలదా, ఇప్పుడు ఇదొకటా" అని ముసలమ్మ కూర్మావతారానికి చేతులెత్తి మొక్కింది.

లారీలో కూర్చున్న చెట్టియారమ్మను చూసి దేవకమ్మ, మొగుడు ఎంత బలవంతం చేసి ఉంటే ఎక్కి ఉంటుందో అని నిట్టూర్చింది. వరదయ్య అన్నీ ఓపిగ్గా చెప్పేవాడు. వంతెన ఎవరిదో, గుట్ట ఎవరిదో, పందెం ఏమిటో. చివర్లో గొంతు పెంచి చెప్పేవాడు, "ఒకటే పద్ధతి. గాలికి పడనీ, పిల్లి తొయ్యనీ, జనరల్ ఒళ్లు ఆనిందంటే యుద్ధం పోయినట్టే." భారతమ్మ పసుపు కుంకుమలు ఇస్తూ వినేది. రోజూ వినేది.

ఆయనతో మాత్రం మాట్లాడేది కాదు. అన్నం వేళకు పెట్టేది, నెయ్యి అడక్కుండా వేసేది కాదు. చెప్పాల్సింది ఏదైనా ఉంటే గురవమ్మకు చెప్పేది, పక్కనే ఉన్న ఆయన వినేవాడు. నవరాత్రులు సగం అయ్యేసరికి వరదయ్యకు గెలుపు చప్పబడింది. ఎవరికీ చెప్పకుండా రైలెక్కి తిరుపతి పోయి, బొమ్మలు చెక్కేవాళ్లను కిరీటం ఉన్న రాజు ఒక్కణ్ణి ఇమ్మని బతిమాలాడు. వట్టి చేతులతో తిరిగి వచ్చాడు.

"ఒక్కణ్ణి చెయ్యరంట. జంటను ఒక్క దుంగలోనే చెక్కుతారంట" అన్నాడు, వంటింటి గడప దగ్గర నిలబడి.

"ఇంటివా గురవమ్మా" అంది భారతమ్మ, రోలు ముందు నుంచి తల ఎత్తకుండా. "జంటను విడదీసే పని ఆ చెక్కేవాళ్లకే చేతగాలేదంట."

విజయదశమి వచ్చింది. సాయంత్రం వసారా నిండా ఆడవాళ్లు. మునిరామయ్య గడప దగ్గర దిగాలుగా కూర్చున్నాడు. ఇంకో గడియ గడిస్తే సీసపు సిపాయిలు చెయ్యి జారిపోతారు. వరదయ్య అయిదు రోజులుగా తుమ్మబంక పెట్టి దువ్విన మీసంతో గోడకు ఆనుకుని నిలబడ్డాడు. భారతమ్మ హారతి ఇచ్చింది. ఆడవాళ్లు మంగళహారతి పాడారు. కళ్లకద్దుకున్నారు. ఇక అయిపోయిందని వరదయ్య గాలి పీల్చుకున్నాడు.

భారతమ్మ హారతి పళ్లెం దించి, పై మెట్టు దగ్గరకు పోయింది. జనరల్‌ను నడుం పట్టుకుని ఎత్తింది. మెట్టు మీద తమలపాకు పరిచి, మెల్లగా వెల్లకిలా పడుకోబెట్టింది.

వరదయ్య గోడ వదిలి ముందుకు వచ్చాడు. "ఏయ్, ఏం చేస్తాండావు?"

"ఏం చేస్తాదప్పా, ఏటా చేసేదే" అంది ముసలమ్మ. "హారతి అయినాక ఒక బొమ్మను నిద్రబుచ్చల్ల. అప్పుడే కొలువు ముగిసినట్టు. ఈ ఇంట్లో ఎప్పుడూ రాజునే గదా పండబెట్టేది. నీకు తెల్లేదా?"

ఆయనకు తెలియదు. ఇంట్లో ఇరవై ఎనిమిది దసరాలు జరిగాయి, ఆయనకు తెలియదు.

మునిరామయ్య లేచి నిలబడ్డాడు. ముఖం చింతపండుతో తోమిన చెంబులా తళతళలాడుతోంది. "జనరల్ ఒళ్లు ఆనింది" అన్నాడు.

"అది నిద్ర గదప్పా. నిద్రబోతే ఓడినట్టా?" అన్నాడు వరదయ్య.

భారతమ్మ ఇటు తిరిగింది. తొమ్మిది రోజుల తర్వాత మొగుడి ముఖం చూసి మాట్లాడింది.

"మీరే గదా తొమ్మిది దినాలుగా చెప్తాండారు, పిల్లి తోసినా పడినట్టేనని. నేను పిల్లి కన్నా తక్కువా?"

వసారా అంతా గొల్లుమంది. వరదయ్యకు వాదించడానికి బస్రాలో కూడా పద్ధతి దొరకలేదు.

మరుసటి రోజు పొద్దున మంగలి చిన్నబ్బ వచ్చాడు. అరుగు మీద పీట వేశారు. చిన్నబ్బ కత్తి నూరి, మూడుసార్లు నిజమేనా అని అడిగి, చేతులు రానట్టు కాసేపు కూర్చున్నాడు. మునిరామయ్య చూడలేక మొహం తిప్పుకున్నాడు. గెలిచాడే గానీ, స్నేహితుడి మీసం లేని వీధి ఎలా ఉంటుందో ఆయన ఆలోచించి ఉండలేదు. "పోనీలేప్పా, సగం తీయిస్తే సాలు" అన్నాడు. వరదయ్య ఒప్పుకోలేదు. పందెం కోసం మాత్రమే కాదు. ఆ నున్నటి చెక్క తల మీద తిరిగిన బొటనవేలు ఆయనకు గుర్తొస్తోంది. తనది కూడా ఏదో ఒకటి పోతేనే బాగుంటుందని ఆయనకు అనిపించింది.

కత్తి ఆడుతుంటే భారతమ్మ లోపల నుంచి తమలపాకు ఒకటి తెచ్చి చిన్నబ్బ చేతి కింద పట్టింది. రాలిన వెంట్రుకలు ఆకులో పట్టుకుని లోపలికి పోయింది. దిష్టి తీయడానికేమో అనుకున్నాడు చిన్నబ్బ.

మధ్యాహ్నం దాకా వరదయ్య పై పెదవిని చేత్తో కప్పుకుని వసారాలోనే కూర్చున్నాడు. లోపల బొమ్మలు సర్దుతున్న చప్పుడు. ఫిరంగులు, దారాలు, అగ్గిపెట్టెలు పీకి ఒక చాటలో వేసి ఉన్నాయి. ఇంతలో పిలుపు వచ్చింది, గురవమ్మను కాదు.

"ఇట్ల రా. ఈ గుడ్డ పట్టుకో" అంది భారతమ్మ.

వరదయ్య లోపలికి పోయాడు. పెట్టె అడుగున పట్టుగుడ్డ మీద రాణి పక్కన రాజు పడుకుని ఉన్నాడు. పోకడొప్ప టోపీ లేదు, తల నున్నగానే ఉంది. కానీ ముక్కు కింద తుమ్మబంకతో అంటించిన మీసం ఉంది. నిజమైన వెంట్రుకలు, సగం నెరిసినవి, కొనలు పైకి తిప్పి ఉన్నాయి. అచ్చం నిన్న సాయంత్రం దాకా వరదయ్యకు ఉన్న తీరే.

"ఏటా కొలువులో ఒక కొత్త బొమ్మ ఉండల్ల గదా" అంది భారతమ్మ. "కిరీటం లేకపోతే రాణి మొగుణ్ణి ఎట్ల గుర్తుపట్టల్ల? నాకు తెలిసిన గుర్తు పెట్టినా."

 అలవాటు కొద్దీ వరదయ్య చెయ్యి మీసం మీదికి పోయింది. అక్కడ ఏమీ లేదు. వేళ్లు బోడి పెదవి మీద వెతుక్కుంటూ తిరిగాయి. అది చూసి భారతమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆగలేకపోయింది. కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. నవ్వి, కళ్లు తుడుచుకుని, కాసేపు ఆ నీళ్లు ఆగకపోతే మళ్లీ తుడుచుకుంది.

"నీ మీసం రెండు నెల్లకు మొలుస్తాదిలే. వాని కిరీటం మొలవదు" అంది.

వరదయ్య పట్టుగుడ్డ రెండో కొస పట్టుకున్నాడు. రాజును, రాణిని ఒకే మడతలో చుట్టి, గడ్డి కప్పి, మూత వేశారు. పెట్టెను ఆయనే అటక మీద పెట్టాడు. నడుము బాగానే ఉంది.